దారం తీసిన చిల్లులు

మేస్త్రి ఫోను చెవికి ఆనించుకుని లేచి నిలబడ్డాడంటే అవతల వకీలుగారున్నట్టే. తోలు షాపువాడితో అయినా, సొంత బావమరిదితో అయినా కూచునే మాట్లాడతాడు. పువ్వులక్క చేతిలో సూది సగం దిగి ఆగిపోయింది. పోయింది, కేసు పోయింది, అనుకుంది. అతను "సరేనండి, అలాగేనండి" అంటున్నకొద్దీ ఆమె ఆ మాటలు ఎన్నిసార్లన్నాడో లెక్కపెట్టుకుంది.

ఆ షెడ్డులో పనిచేసేది ఆరుగురు. రెండు కాళ్ళూ సమానంగా లేనివాళ్ళకి బూట్లు చేస్తారు. ఒక బూటు మామూలుగానే ఉంటుంది. రెండోదాని అడుగున, కాలు ఎంత పొట్టి అయితే అంత మందాన కార్కు పొరలు అంటించి, ఆకురాయితో అరగదీసి, మీద తోలు తొడుగుతారు. చూసేవాళ్ళ కన్ను ఆ మందం మీదికి దిగకుండా పైనే ఆగిపోవాలని, చీలమండ పక్కన ఎర్రదారంతో అయిదు రేకుల పువ్వు కుట్టేది ఆమె. మొదట కూతురి బూట్లకి కుట్టింది. అది చూసి కొనేవాళ్ళందరూ అడిగారు. అలా ఆమె పేరే పువ్వులక్క అయిపోయింది.

"తీర్పు కాదులే," అన్నాడు మేస్త్రి, ఫోను జేబులో పెట్టుకోకముందే ఆమె మొహం చూసి. "జడ్జిగారు జోడు చూస్తారంట. కొత్తది కాదు. ఒక మనిషి వేసుకుని తిరిగిన జత కావాలన్నారంట. రేపు పదిన్నరకి."

గమ్ము తాత కార్కుకి పూస్తున్న బ్రష్షు గాల్లో ఎత్తి పట్టుకుని నవ్వాడు. "ఎవరి కాళ్ళ నుంచి ఊడబీకుతావయ్యా?"

వెనక గదిలో అరవై రెండు జతలున్నాయి. కానీ అన్నీ కొత్తవే. పైగా ఆ గది తలుపుకి పన్నుల ఆఫీసువాళ్ళు అంటించిన కాగితం, దాని మీద లక్క ముద్ర ఎనిమిది నెలలుగా అలాగే ఉన్నాయి. నడవలేనివాళ్ళకి సాయపడే పరికరమైతే పన్ను లేదు, కాలికి తొడుక్కునే మామూలు సరుకైతే ఉంది. ఇవి మామూలు బూట్లే, చూడండి ఎంత సోకుగా ఉన్నాయో, అని పన్నుల శాఖ. పరికరాలే అని మేస్త్రి. కింది అధికారి, ఆ పై అధికారి ఇద్దరూ కాదనేసరికి కేసు హైకోర్టుకెక్కింది. అక్కడ కూడా కాదంటే, వీళ్ళ బూట్లు కొని పిల్లలకి ఊరికే ఇచ్చే ఆస్పత్రి ఆ పన్నుతో కలిపి కొనలేదు. కొనకపోతే షెడ్డుకి తాళమే. ఈ సంగతి ఆరుగురికీ తెలుసు. పువ్వులక్కకి మాత్రం రోజుకి పదిసార్లు తెలుస్తూ ఉంటుంది.

ఇప్పుడు అందరూ ఆమెకేసే చూస్తున్నారు.

"మా పిల్లకి ఉన్నది అదొక్క జతే," అంది.

"రెండ్రోజులే కదమ్మా. పాతవి లేవూ?" అన్నాడు మేస్త్రి.

"బిగుతైపోయాయి. కిందటేడువి. స్కూలు మెట్లు దిగేటప్పుడు కాలు మడతపడితే? అసలే ఆ మెట్లకి పక్కన పట్టుకోడానికి కూడా ఏమీ లేదు. తిరిగిస్తారా? ఎవరైనా మార్చేస్తే? ఏ బీరువాలోనో పెట్టి మర్చిపోతే?"

"హైకోర్టులో చెప్పులు పోవమ్మాయ్," అన్నాడు గమ్ము తాత. "పోతే కేసులు పోతాయి."

ఎవరూ నవ్వలేదు. తాత బ్రష్షు డబ్బాలో ముంచేసుకున్నాడు.

*

కూతురు పిచ్చుకకి పదమూడేళ్ళు. మంచం అంచున కూచుని బూట్లు విప్పి, రెండూ జతచేసి తల్లి చేతికిచ్చి, "హైకోర్టు చూసొస్తాయా ఇవి? నన్ను ఒక్కసారి కూడా ఎక్కడికీ తీసుకెళ్ళలేదు," అంది.

"నోరు ముయ్యి. పాతవి తొడుక్కుని అటూ ఇటూ నాలుగడుగులు వెయ్యి, చూస్తాను."

పిచ్చుక గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఎడమ మడమ దగ్గర తోలు ఒరుసుకుంటోందని నడకలోనే తెలిసిపోతోంది. "బానే ఉన్నాయి," అంది పిల్ల, అడగకముందే.

తల్లి నమ్మలేదు. ఒరుసుకుని పుండైతే, పుండు చీము పడితే, అసలే అది పొట్టి కాలాయె. దూది మడతపెట్టి మడమ వెనక దూర్చింది. తర్వాత ఆ జత తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లోకి వెళ్ళింది.

రోజూ చూసే బూట్లే. కానీ రేపు ఇవి ఎవరి బల్ల మీద ఉంటాయో తలుచుకుని ఇంకోసారి తిప్పి చూసింది. ముక్కు దగ్గర తోలు గీసుకుపోయి తెల్లబడింది. కార్కు తొడుగు కిందవైపు మట్టి పట్టి గట్టిపడిపోయింది. పువ్వయితే ఇక పువ్వే కాదు. మూడు రేకులు ఎప్పుడో ఊడిపోయాయి, ఒకటి సగం, ఒకటి వెలిసిపోయిన పోగులా వేలాడుతోంది. మిగిలినవి చిల్లులే.

ఇలాంటివి పెద్ద కోర్టుకి పంపిస్తే ఏమనుకుంటారు? పిల్లకి ఇంత గలీజు బూట్లు వేసే తల్లి ఎవరు అనుకోరూ? మేస్త్రి పని ఇంత నాసిరకమా అనుకోరూ?

తడిగుడ్డతో తుడిచింది. ఆరాక నల్ల పాలిషు రాసి, మెత్తటి గుడ్డతో మెరిసేదాకా రుద్దింది. చెంబు నీళ్ళతో కార్కు తొడుగు కడిగింది. పనిసంచీలోంచి కొత్త ఎర్రదారం తీసి, మైనం ముక్క మీద మూడుసార్లు లాగి, వెలిసిన పోగుల్ని కత్తిరించేసి, పాత చిల్లుల్లోంచే అయిదు రేకులూ మళ్ళీ కుట్టింది. మధ్యలో బొట్టులాంటి ముడి వేసింది.

పిచ్చుక పుస్తకం మీద నుంచి తలెత్తి చూసింది. "అమ్మా, అరిగిపోయినవే కావాలన్నారన్నావుగా."

"అరిగిపోయినవే. మాసిపోయినవి కాదు."

"జడ్జిగారు వేసుకుంటారా ఏంటి?"

"నీకు తెలీదు. ఊరుకో."

ఫోనులో భర్తకి చెప్పింది. ఆయన లారీ ఎక్కడో గోడౌను ముందు ఆగి ఉంది, సరుకు దింపుతున్నారు. "మంచిపని చేశావు," అన్నాడు. "మన పరువు కూడానూ." ఆ మాటకి ఆమె కాస్త స్థిమితపడింది. బూట్లు ఒక శుభ్రమైన సంచీలో పెట్టి, ఆ సంచీ ఇంకో సంచీలో పెట్టి, తలుపుకి ఎదురుగా మేకుకి తగిలించింది. గడియ వేసిందో లేదో చూసి, సంచీ ఉందో లేదో చూసి, మళ్ళీ గడియ చూసింది.

*

ఆమెని రమ్మనలేదు. అయినా వెళ్ళింది, బూట్లు వదిలి ఉండలేక. మేస్త్రి పక్కన, ఆఖరి బల్ల మీద, రెండు సంచులూ ఖాళీ అయ్యాక కూడా వాటిని ఒళ్ళో పట్టుకుని కూచుంది. పైన ఫ్యాను ఒక రెక్క వంగి టకటకమంటోంది. అది ఊడి కింద కూచున్న నల్లకోటు ఆయన మీద పడుతుందేమోనని కాసేపు దాన్నే చూసింది. నల్లకోట్లన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ఆమె అందరికన్నా ముందు లేచి, అందరికన్నా చివర కూచుంది.

వీళ్ళ వకీలుగారు సన్నటి మనిషి, గొంతు కూడా సన్నమే. బూట్లు రెండూ జడ్జిగారి బల్ల మీద పెట్టించారు. ఎడమదానికి అట్టముక్క ఒకటి దారంతో కట్టి ఉంది, దాని మీద కేసు నంబరు. జడ్జిగారు మందం ఉన్నదాన్ని ఎత్తి పట్టుకుని, వేలితో అడుగు కొలిచినట్టు చేశారు. ఎత్తి పట్టుకున్న తీరు ఆమెకి నచ్చింది. పక్షిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"పదమూడేళ్ళ పాప వేసుకుంటోందండి," అన్నారు వకీలుగారు. "ఇవి లేకపోతే ఆ పాపకి నడుం వంకరపోతుంది. ఇది అలంకారం కాదు, అవసరం."

అప్పుడు ప్రభుత్వం తరఫు ఆయన లేచాడు. లావుపాటి మనిషి, తొందరేం లేదు. చెయ్యి చాచాడు, జోడు ఆయన చేతికి వచ్చింది. పక్కకి తిప్పాడు. పువ్వు కిటికీ వెలుగులోకి వచ్చింది. నిన్న సాయంత్రం కుట్టిన దారం, మైనం మెరుపు ఇంకా తగ్గలేదు.

"అవసరమే అంటున్నారు మా మిత్రులు. మరి ఈ పువ్వు దేనికండి? నడవడానికా?"

కోర్టంతా సన్నగా నవ్వింది. పువ్వులక్కకి చెవుల్లోంచి వేడి పొగ వచ్చినట్టయింది.

వకీలుగారు కాగితాలు వెతుక్కున్నారు. పువ్వు మాట కాగితాల్లో లేదు. "అది... పిల్లలు కదండీ... ముచ్చటకి..."

"నేననేదీ అదే. ముచ్చటకి. ముచ్చట పడి కొనుక్కునేది మామూలు సరుకు."

జడ్జిగారు జోడు మళ్ళీ తీసుకున్నారు. బొటనవేలితో పువ్వు తడిమారు. "వాడిన జత తెమ్మన్నాను. ఈ కుట్టు మాత్రం కొత్తగా ఉందే," అన్నారు, కోపంగా కాదు, తనలో తను అనుకున్నట్టు. ఏదో రాసుకున్నారు.

ఆయన పెన్ను కదిలినంతసేపూ ఆమె లేవాలనుకుంది. నేనండీ కుట్టింది, నిన్ననే, ఊడిపోయి ఉందండీ, చిల్లులే ఉన్నాయండీ, నడవడానికి కాదండీ, నడుస్తుంటే ఎవరూ కిందికి చూడకుండా ఉండడానికండీ. మాటలన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. లేవలేదు మాత్రం. సంచుల్ని పిండిపిండి ఉండ చేసింది. మేస్త్రి ఆమె చేతులకేసి ఒకసారి, దూరంగా ఉన్న పువ్వుకేసి ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

మేస్త్రికి తెలిసిపోయిందా? ఇరవయ్యేళ్ళుగా దారాలు చూస్తున్న మనిషికి కొత్తదారం తెలియదా?

తీర్పు శుక్రవారం అన్నారు.

*

గురువారం ఆమె మూడు సూదులు విరగ్గొట్టింది.

ఇంట్లో పిచ్చుక మడమ మీద ఎర్రగా కమిలింది. స్కూలు మానెయ్యమంటే వినలేదు. "రెండ్రోజులే అన్నావుగా," అని వెళ్ళిపోయింది. ఆ పాత జతకి పువ్వు కూడా లేదు, కిందటేడు కుట్టింది ఎప్పుడో ఊడిపోయింది. బొద్దుగా, నల్లగా, మందం మొత్తం కనిపిస్తూ ఆ బూటు మెట్లు దిగుతుంటే తల్లి పైనుంచి ఊపిరి బిగబట్టి చూసింది. వీధి మలుపులో ఇద్దరు ఆడపిల్లలు ఆగి పిచ్చుక కాళ్ళకేసి వంగి చూస్తున్నారు. ఇక అంతే. ఏడుస్తూ వస్తుంది సాయంత్రం. రేపట్నించి వెళ్ళనంటుంది. చదువాగిపోతుంది.

సాయంత్రం పిల్ల ఏడవలేదు. ఆకలేస్తోందంది. ఏడవకపోవడం ఇంకా భయమనిపించింది ఆమెకి.

శుక్రవారం మధ్యాహ్నం వకీలుగారు ఫోను చెయ్యకుండా తనే వచ్చారు. గమ్ము వాసనకి ముక్కు చిట్లించి, మేస్త్రి తుడిచి వేసిన స్టూలు మీద కూచుని, కాగితాలు తీశారు. ఆకురాయి ఆగింది. మిషను ఆగింది.

"గెలిచాం," అన్నారు.

ఎవరో ఈల వేశారు. గమ్ము తాత కళ్ళు తుడుచుకుని, గమ్ము ఘాటంటూ బ్రష్షుని తిట్టాడు. మేస్త్రి రెండు చేతులూ బల్ల మీద ఆనించి తల వంచుకున్నాడు.

"ఆగండి, మొత్తం వినండి. కాలి పొట్టితనాన్ని సరిచెయ్యడానికే తయారైన జోడు పరికరమే, దానికి పన్ను లేదు. ఇది మనకి కావలసింది. తర్వాత..." వకీలుగారు పేజీ తిప్పారు. "అందం కోసం కుట్టుపని, అలంకారం చేసి మామూలు బూటులా కనిపించేలా అమ్మితే మాత్రం అది మామూలు సరుకు కిందే లెక్క. పన్ను కట్టాలి. గదిలో ఉన్న సరుకు మీద అలంకారం తీసేసుకోవడానికి మనకి సోమవారం దాకా గడువిచ్చారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, సాదాగా ఉన్నవి వదిలేస్తాడు."

"అంటే పువ్వు తీసేస్తే చాలా?" అన్నాడు మిషను దగ్గర కుర్రాయన. "ఓస్, అంతేనా!"

అంతే. అంతే కదా. అందరూ ఒక్కసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. టీకి ఎవరో పరిగెత్తారు. ఈసారి పువ్వులక్క లేచి నిలబడింది.

"ఆ పువ్వు ఊడిపోయి ఉంది," అంది.

"ఏ పువ్వు?"

"మా పిల్ల జోడుది. చిల్లులే ఉన్నాయి. కోర్టుకని నేనే కొత్తగా కుట్టి పంపాను. మాసినవి పంపితే బావుండదని."

వకీలుగారు కళ్ళజోడు తీశారు. "ఊడిపోయినదే తెచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, కళ్ళజోడు తుడుచుకోవడంలో పడ్డారు.

"ఊడిపోయిన పువ్వు హైకోర్టుకి పంపితే ఈ అమ్మాయికి అన్నం సయిస్తుందా?" అన్నాడు గమ్ము తాత. "ఆ రోజున అడిగితే నేనే చెప్పేవాణ్ణి, పంపే ముందు ఈవిడ చేతులు కట్టెయ్యండని."

మేస్త్రి తిడతాడేమోనని ఎదురుచూసింది. తిడితే బావుండేది. అతను సొరుగులోంచి చిన్న కత్తెర తీసి, అంచు గోటి మీద ఆనించి పదును చూసి, ఆమె బల్ల మీద పెట్టాడు.

"కుట్టినదానివి నువ్వే. తోలు తెగకుండా విప్పడం కూడా నీకే తెలుసు," అన్నాడు.

*

శనివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరు లక్క ముద్ర పగలగొట్టి వెళ్ళాడు. గది తెరిస్తే మగ్గిన తోలు వాసన గుప్పుమంది. అరవై రెండు జతలు. జతకి రెండు పువ్వులు. బూజు దులిపి వరసగా పేర్చుకుని కూచుంది.

కుట్టడం కన్నా విప్పడం కష్టం. మైనం దారం తోలుని కరుచుకుని ఉంది. మధ్య ముడి కింద కత్తెర మొన దూర్చి ముందు దాన్ని తెంపాలి. తర్వాత రేకు రేకుకీ లోపలివైపు నుంచి పోగు లాగాలి. బలంగా లాగితే చిల్లు సాగుతుంది. నెమ్మదిగా లాగితే పొద్దు గడిచిపోతుంది. ఎర్రటి పోగులు ఒళ్ళో పడి, చీర కుచ్చిళ్ళలో చిక్కుకుని, గుట్టలా పేరుకున్నాయి. ఏ పువ్వు ఏ రోజు కుట్టిందో కొన్ని గుర్తొచ్చాయి కూడా. ఒకదాని రేకు వంకరగా ఉంది, అది పిచ్చుకకి జ్వరమొచ్చినప్పటిది.

దారం పోయింది గానీ పువ్వు పోలేదు. తోలు చర్మంలా పూడదు. ప్రతి బూటు మీదా పదకొండు చిల్లులు, అయిదు రేకుల ఆకారంలో, అలాగే కళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. పాలిషు దట్టించి చూసింది. ఇంకా నల్లగా, ఇంకా స్పష్టంగా తేలాయి.

ఇవీ అలంకారమే అంటే? సోమవారం ఆ ఇన్‌స్పెక్టరు ఇవి చూసి, పువ్వు పువ్వే, దారం ఉన్నా లేకపోయినా, అంటే?

ఆదివారం సాయంత్రానికి ఇంకో ఎనిమిది జతలుండగా పిచ్చుక వచ్చింది, తల్లికి టీ తీసుకుని. కాళ్ళకి కోర్టు నుంచి తిరిగొచ్చిన జోడు ఉంది. ఎడమదానికి కేసు నంబరు అట్టముక్క ఇంకా వేలాడుతోంది.

"అది తీసెయ్యలేదేం? కాలికి అడ్డం పడదూ?"

"తియ్యను. హైకోర్టు చూసిన బూట్లు ఊళ్ళో ఇంకెవరికున్నాయి?"

"ఇటివ్వు. దీని పువ్వు కూడా విప్పేస్తాను."

"ఇది అమ్మేది కాదుగా? దీనికేం పన్ను?"

నిజమే. ఆమెకి ఆ ఆలోచన రాలేదు. ఊళ్ళో ఉన్న ప్రతి పువ్వూ విప్పేదాకా ఎవరో వస్తూనే ఉంటారన్నట్టుంది రెండ్రోజులుగా. "అయితే ఉండనీ. నీకైనా ఉండనీ," అంది. "ఆ పాత జోడుతో రెండ్రోజులు వెళ్ళావు. ఎవరేమన్నారో నాకు చెప్పనేలేదు."

పిచ్చుక కింద కూచుని ఎర్రపోగుల గుట్టలో వేలు తిప్పింది. "అడిగారు."

"ఎవరు? ఏమని?"

"అదేంటి అంత లావుంది అని. కాలు పొట్టి అని చెప్పాను. ఎంత అంటే రెండంగుళాలన్నాను. ఒకమ్మాయి నొక్కి చూసింది. మెత్తగా ఉందే అంది. అంతే."

"అంతేనా?"

"అంతే. పువ్వుంటే అందరూ పువ్వు చూస్తున్నట్టు నటిస్తారమ్మా. పువ్వు బావుందే అంటారు. ఎన్నేళ్ళయినా అదే మాట. నేనూ మా అమ్మ కుట్టింది అంటాను. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు." ఒక పోగు తీసి వేలికి చుట్టుకుంది. "అడిగేస్తే అయిపోతుంది."

కత్తెర ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. అడగాల్సినవి చాలా ఉన్నాయి. పువ్వు నచ్చదా అని, ఎప్పటి నుంచి అని, ఎందుకు చెప్పలేదని. టీ చల్లారిపోతోందని పిచ్చుకే గ్లాసు ముందుకి జరిపింది. జరిపి, కాలు ఒళ్ళోకి లాక్కుని, తల్లి చేతిలోంచి కత్తెర తీసుకుని, తన జోడు మీది ముడి కింద తనే మొన దూర్చింది.

"వద్దన్నావుగా ఇందాక?"

"నువ్వు విప్పుతానంటే వద్దన్నాను."

పువ్వు విప్పింది. పక్కనున్న దారాల డబ్బా తనే వెతికి ఆకుపచ్చది తీసింది. ఆ చిల్లుల్లోంచే, రేకుల్ని పట్టించుకోకుండా, ఒక చివర నుంచి ఇంకో చివరకి అడ్డదిడ్డంగా లాగింది. ఏ ఆకారమూ కాదు. గీతలు. కిందదాకా, కార్కు మొదలయ్యే అంచుదాకా లాగి ముడేసింది. కుట్టు వదులుగా, వంకరటింకరగా ఉంది. సరిచెయ్యాలని పువ్వులక్క వేళ్ళు దానంతటవే ముందుకి వెళ్ళాయి. వెనక్కి తీసుకుంది.

*

సోమవారం ఇన్‌స్పెక్టరు ఒక్కో జతా వెలుతుర్లోకి తీసి చూశాడు. సన్నటి మీసం, చంకలో ఫైలు. నాలుగో జత దగ్గర ఆగాడు. బొటనవేలు చిల్లుల మీద ఆనింది. జడ్జిగారి వేలు ఆనిన చోటే.

"ఇవేంటి?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఎనిమిది నెలలు కోర్టులు తిరిగిన మనిషి, పదకొండు చిల్లుల దగ్గర జవాబు కోసం పువ్వులక్కకేసి చూశాడు.

"దారం తీసిన చిల్లులు సార్," అంది పువ్వులక్క.

"డిజైనులా ఉన్నాయే?"

రాసేస్తాడు, అరవై రెండూ మళ్ళీ లోపలికి పోతాయి, మళ్ళీ ముద్ర, మళ్ళీ తాళం. అయినా నోరు ఆగలేదు. "తోలు పూడదు సార్. పూడ్చాలంటే చిల్లులున్న చోట ముక్క అతకాలి. అతికితే అది కుట్టుపనే అంటారు. దారం తియ్యమన్నారు, తీశాం. చిల్లు తియ్యమంటే ఎలా తీస్తాం సార్?"

గమ్ము తాత ఖళ్ళున దగ్గాడు. దగ్గో నవ్వో ఎవరూ తేల్చుకోలేదు. ఇన్‌స్పెక్టరు ఆమెని చూశాడు, చిల్లులు చూశాడు, ఇంకా యాభై ఎనిమిది జతలు చూడాల్సిన వరస చూశాడు. "చిల్లు అలంకారమని తీర్పులో లేదు," అని గొణుక్కుని ఫైలు తెరిచి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నానికి ఆస్పత్రి వ్యాను వచ్చి పెట్టెలు తీసుకెళ్ళింది. షెడ్డులో మళ్ళీ ఆకురాయి మొదలైంది. మేస్త్రి కొత్త ఆర్డరు పైతోళ్ళు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆరేళ్ళ పిల్లాడి కొలత, కుడికాలు అంగుళమున్నర తక్కువ. నున్నటి తోలు, ఒక్క గీత లేదు.

"వీటికి నీ పనేం లేదు," అన్నాడు, ఎటో చూస్తూ. "అంచు కుట్టి ఇచ్చెయ్యి చాలు."

ఆమె అంచు కుట్టింది. దారం తెంపింది. తోలుని చేతిలో అటూ ఇటూ తిప్పింది. ఈ పిల్లాడిని ఎవరైనా ఆట మధ్యలో తోసేస్తే, ఎవరూ అడగకపోతే, అందరూ అడిగితే. ఎవరి తల్లి ఎక్కడ ఊపిరి బిగబట్టి నిలబడి చూస్తుందో.

పెద్ద సూదిలా ఉండే ఆరె తీసుకుంది. చీలమండ పక్కన మొన ఆనించి, అరచేత్తో నొక్కింది. టప్. ఇంకోటి. రేకులు కాదు. ఏ ఆకారమూ రాకుండా, కానీ ఏ ఆకారమైనా వచ్చేలా, వరసలు వరసలుగా, కార్కు అంచుదాకా.

మేస్త్రి వచ్చి వెనక నిలబడ్డాడు. "ఇవి దేనికి?"

"గాలాడడానికి."

"గాలాడడానికా?"

"తీర్పులో లేదుగా," అంది ఆమె, తలెత్తకుండా.

అతను తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండో తోలు కూడా చిల్లులు పొడిచింది. ఆ తర్వాత దారాల డబ్బా తీసి ఎర్రది ఒక మూర కత్తిరించింది. ఆగి, పచ్చది ఒక మూర, పసుపుది ఒక మూర, నీలిది ఒక మూర. నాలుగింటినీ మైనం మీద లాగి, చిన్న చుట్ట చుట్టి, ఆ పిల్లాడి బూట్లతో పాటు పెట్టెలో పడేలా తోలు మడతలో పెట్టింది. కుట్టలేదు.